తెనాలిలో ఒక గిన్నె, ఎడిసన్‌లో ఒక గిన్నె: పరాన్న కందిరీగలను అక్షాంశాల వారీగా పోల్చడం ఎలా

భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ జీవజాతులు పెరుగుతాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. చెట్లు, పక్షులు, సీతాకోకచిలుకలు, చీమలు ఆ మాట నిలబెడతాయి. పరాన్న కందిరీగల దగ్గరికి, అంటే ఇతర కీటకాలను తిని పెరిగే కందిరీగల దగ్గరికి వచ్చేసరికి పేచీ మొదలవుతుంది. జెన్నిఫర్ ఓవెన్, డెనిస్ ఓవెన్ దంపతులు ఇంగ్లండులోని లెస్టర్‌లో తమ ఇంటి తోటలో గుడారంలాంటి కీటకాల వల వేశారు. ఉగాండాలోని కంపాలాలో, సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో అలాంటి వలలకే చిక్కిన కీటకాలతో పోల్చి చూశారు. ఈ కందిరీగల్లో ఇక్న్యూమనిడే అనే కుటుంబం విషయంలో ఆ చలిదేశపు పెరడు ఆఫ్రికాకు ఏమీ తీసిపోలేదని 1974లో ప్రకటించారు. జెన్నిఫర్ 1972లో మొదలుపెట్టి 30 ఏళ్లపాటు ఆ ఒక్క తోట లెక్కలే రాశారు. మొక్కలు, జంతువులు కలిపి 2,673 జాతులు నమోదైతే, వాటిలో ఐదు వందలకు పైగా ఈ ఒక్క కుటుంబానివే. తర్వాత 1981లో అమెరికా జీవశాస్త్రవేత్త డేనియల్ జాన్‌జెన్, ఉత్తర అమెరికాలో ఈ కుటుంబపు జాతులు అత్యధికంగా ఉండేది 38, 42 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య అని రాశారు.

మా తమ్ముడు ఉండే న్యూజెర్సీలోని ఎడిసన్ 40.5 డిగ్రీల దగ్గర, సరిగ్గా ఆ పట్టీలోనే ఉంది. మా తెనాలి 16.2 డిగ్రీల దగ్గర ఉంది. "అక్కా, అయితే మా పెరడే గొప్పదన్నమాట!" అని వాడు ఫోనులో సంబరపడ్డాడు. వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, ఆ మాట విని ఊరుకోగలనా? వాడి చేత కీటకాలను పట్టే పసుపు గిన్నెలు పెట్టించి, నేనూ పెట్టాను. బంధువులో స్నేహితులో వేరే అక్షాంశంలో ఉన్నవారు ఎవరైనా ఈ పని చేయవచ్చు. విద్యార్థులైతే ప్రాజెక్టుగానే చేయవచ్చు. ఒక్క విషయం మాత్రం పని మొదలుపెట్టకముందే ఒప్పుకోవాలి. మీకు వచ్చే జాతుల సంఖ్య ముందు మీ శ్రమకు కొలత, ఆ తర్వాతే ప్రదేశానికి కొలత. కింద నేను చెప్పేదంతా ఆ రెండింటినీ విడదీయడం గురించే.

ఎవరిని లెక్కపెడుతున్నాం

కందిరీగ అనగానే చూరు కింద గూడు కట్టి, ముట్టుకుంటే కుట్టేది గుర్తుకొస్తుంది. మనకు కావలసినది అది కాదు. ఇంకో కీటకం గుడ్డులోనో లార్వాలోనో ప్యూపాలోనో గుడ్డు పెట్టే కందిరీగలు కావాలి. వాటి పిల్ల లోపలో పైనో ఉండి ఆ కీటకాన్ని తిని పెరుగుతుంది, చివరికి దాన్ని చంపుతుంది. ఇవి చాలావరకు మనిషి జోలికి రావు. రైతులకు ఇవి కొత్తేమీ కాదు. వరిలో కాండం తొలుచు పురుగుకు, ఆకుముడత పురుగుకు విరుగుడుగా కట్టే ట్రైకోకార్డుల నుంచి వచ్చే ట్రైకోగ్రామా వీటిలో ఒకటి, పొడవు అర మిల్లీమీటరు. ఆముదం చేలో దాసరి పురుగు వెనక భాగానికి అతుక్కుని కనిపించే గూడు ఇంకో జాతిది. 2010లో బొప్పాయి పిండినల్లిని అదుపు చేయడానికి ప్యూర్టోరికో నుంచి మన దేశానికి తెప్పించిన ఎసిరోఫేగస్ పపాయే కూడా ఈ బాపతే.

పెరటి పనికి మూడు గుంపులు చాలు: పేరు పెట్టిన జాతులే పాతిక వేలదాకా ఉన్న ఇక్న్యూమనిడే, దాదాపు అంతే పెద్దదైన బ్రాకోనిడే, చిన్నచిన్న కాల్సిడ్‌లు. ఈ మూడింటినీ కలిపి ఒకే సంఖ్య చేయకండి. ఉష్ణమండలంలో తక్కువ అన్న వాదమంతా ప్రధానంగా ఇక్న్యూమనిడే మీద నడిచింది. కాల్సిడ్‌లు మన వైపు విరివిగా ఉంటాయి. వాటిని కలిపేస్తే ప్రశ్నే మారిపోతుంది.

చోటు ఎంపిక

అక్షాంశం తప్ప మిగతావన్నీ వీలైనంత ఒకేలా ఉండాలి. పెరటికి పెరడు, మామిడితోటకు ఆపిల్ తోట, అడవికి అడవి. తమ్ముడి ఇంటి వెనక పచ్చికతో, మా ఊరి చివరి చిట్టడవిని పోలిస్తే బయటపడేది అక్షాంశం తేడా కాదు, గడ్డికోత యంత్రం చేసిన తేడా. ఎత్తు కూడా చూసుకోవాలి. అరకులో వల వేసి కోస్తా ఊరితో పోల్చి, "రెండూ దాదాపు ఒకే అక్షాంశం, అయినా ఇంత తేడా!" అని ఆశ్చర్యపోయే నివేదికలు నేను చాలా దిద్దాను. కొండ ఎక్కితే చలి పెరుగుతుంది, అక్కడి కీటకాలు మారతాయి. తెనాలి, ఎడిసన్ రెండూ సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేవు కాబట్టి మాకు ఆ తలనొప్పి తప్పింది.

రుతువు అసలైన చిక్కు. ఎడిసన్‌లో కందిరీగలు వసంతం నుంచి శరత్తు దాకా ఎగురుతాయి, డిసెంబరులో గిన్నెలో నీళ్లు గడ్డకడతాయి. మన దగ్గర ఏడాదంతా ఏవో ఎగురుతూనే ఉంటాయి, కానీ మే ఎండల్లో పలచబడి వానలు పడ్డాక పుంజుకుంటాయి. "ఇద్దరం జూన్‌లో ఒక వారం పెడదాం" అంటే వాడికి పండగ నెల, నాకు అప్పుడప్పుడే తొలకరి. అందువల్ల ఒక వారం పోలిక వద్దు. ప్రతి నెలా నిర్ణయించిన తేదీల్లో, ఏడాది పొడవునా, ఇద్దరూ పెట్టాలి. ఏమీ పడకపోయినా సున్నా అని రాయాలి.

గిన్నెలు

చేతి వెడల్పు, మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు ఉన్న ముదురు పసుపు ప్లాస్టిక్ గిన్నెలు తీసుకోండి. నిమ్మపండు రంగు మంచిది. చాలా చిన్న కందిరీగలు పసుపును చూసి దిగుతాయి. రెండు చోట్లా ఒకే కంపెనీ గిన్నెలు, ఒకే సంఖ్యలో ఉండాలి. మేము చెరి పది పెట్టుకున్నాం. వాటిని గడ్డిలో, పొదల అంచున, ఎండ తగిలేచోట, నేలకు ఆనించి, ఒకదానికొకటి మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టండి. సగానికి పైగా నీళ్లు పోసి గిన్నెలు తోమే సబ్బు ద్రవం నాలుగు చుక్కలు వేయండి, సువాసన లేనిదైతే మేలు. సబ్బు లేకపోతే నీటి పైపొర గట్టిగా ఉండి, కందిరీగ దానిమీద నిలబడి ఎగిరిపోతుంది. వానకు గిన్నె పొంగి కీటకాలు కొట్టుకుపోకుండా అంచుకు కాస్త కింద చిన్న రంధ్రం చేసి, దానికి లోపలినుంచి పలచటి గుడ్డ అంటించండి.

మన వేడిలో ఇరవైనాలుగు గంటలు దాటితే పట్టినవి కుళ్లిపోతాయి. రోజూ వడకట్టాలి. టీ వడపోత పనికిరాదు, దాని కంతల్లోంచి ట్రైకోగ్రామా హాయిగా జారిపోతుంది. సన్నని నైలాన్ గుడ్డ వాడండి. వడకట్టినవి మంచినీటిలో ఒకసారి కడిగి సీసాలోని ఆల్కహాల్‌లో వేయాలి. డీఎన్ఏ చూడాలనుకుంటే 95 శాతం ఇథనాల్ కావాలి. అది మన దగ్గర మందుల దుకాణంలో దొరికే సరుకు కాదు. ఎక్సైజ్ అనుమతి ఉన్న కళాశాల ప్రయోగశాలను ఆశ్రయించండి.

సీసా లోపల చీటీ వేయండి, బయట అంటించింది ఊడిపోతుంది. ఊరు, అక్షాంశ రేఖాంశాలు, పెట్టిన తేదీ, తీసిన తేదీ, వల రకం, ఎన్ని గిన్నెలు, ఎవరు పట్టారు, ఇవన్నీ పెన్సిలుతో రాయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. చీటీ లేని సీసాను నా విద్యార్థుల ముందే కాలువలో పారబోసేదాన్ని. కఠినమని అనుకునేవారు. ఎక్కడిదో తెలియని కందిరీగతో అక్షాంశం గురించి ఏం మాట్లాడతాం?

గుడారం

గిన్నెలకు ఒక పక్షపాతం ఉంది. కాల్సిడ్‌ల వంటి చిన్నవి బాగా పడతాయి, పొడుగు నడుముల పెద్ద ఇక్న్యూమన్లు అంతగా పడవు. జాన్‌జెన్ మాట నిజమా కాదా అని తేల్చడానికి గిన్నె ఒక్కటే చాలదు, ఓవెన్ దంపతులు వాడిన మలేజ్ గుడారం కావాలి. స్వీడన్‌కు చెందిన రెనె మలేజ్ దీన్ని 1937లో పరిచయం చేశాడు. డేరాలో చొరబడిన కీటకాలు పైమూలకు ఎగబాకి అక్కడే గుమిగూడడం గమనించి, ఆ మూలకే సీసా తగిలిస్తే పోలేదా అనుకున్నాడట. కందిరీగలకు చుట్టాలైన, లార్వాలు ఆకులు తినే రంపపు ఈగలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ ఈగలు ఈ కథలో మళ్లీ వస్తాయి.

నిర్మాణం తేలిక. మధ్యలో నల్లటి వల గోడ, పైన తెల్లటి వాలు కప్పు, కప్పు ఎత్తుగా ఉన్న కొసన ఆల్కహాల్ సీసా. దోమతెర గుడ్డతో దర్జీ కుట్టగలడు. పొదల వరసకు, ఖాళీ స్థలానికి మధ్య కీటకాలు రాకపోకలు సాగించే దారికి అడ్డంగా గోడ నిలబెట్టాలి. సీసా ఉన్న కొస వెలుతురు వైపు, అంటే మనకూ ఎడిసన్‌కూ దక్షిణం వైపు ఉండాలి. తాళ్లకు గ్రీజు పూయడం మరవకండి. ఎడిసన్‌లో ఇది పట్టింపు కాకపోవచ్చు, తెనాలిలో మాత్రం చీమలు తాడు పట్టుకుని సీసా దాకా వచ్చేస్తాయి.

చట్టం గురించి రెండు మాటలు. అటవీ భూమిలో వల వేయాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఇక్కడి నమూనాలను పరిశోధనకు తీసుకుపోవాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఆమోదం ఉండాలి. ఈ నియమం విదేశీయులకే కాదు, ప్రవాస భారతీయులకూ వర్తిస్తుంది. "వచ్చినప్పుడు నాలుగు సీసాలు పట్టుకెళ్తాను" అన్న తమ్ముడికి కుదరదని చెప్పాను. ఎక్కడి సీసా అక్కడే ఉంటుంది, చేతులు మారేవి ఫొటోలు, పట్టికలు మాత్రమే.

వేరుచేయడం

తెల్ల పళ్లెంలో పోసి, సన్నని కుంచెతో ఈగలను, తేనెటీగలను, చీమలను పక్కకు తీయండి. మిగిలినవాటిని మైక్రోస్కోప్ కింద పెట్టి ముందు రెక్క చూడండి. రెక్కలో దాదాపు ఈనెలే లేకుండా ముందు అంచున ఒక్క ఈనె కనిపిస్తే, పైగా ఒంటిమీద ఆకుపచ్చ లోహపు మెరుపు ఉంటే, అది చాలావరకు కాల్సిడ్. రెక్క నిండా ఈనెలు ఉండి, పొడవాటి మీసాలకు పదహారుకు మించి కణుపులు ఉంటే ఇక్న్యూమనిడే గానీ బ్రాకోనిడే గానీ కావచ్చు. ఈ రెండింటినీ విడదీయడానికి రెక్క బయటి సగంలో, మధ్య నుంచి వెనక అంచు వైపు దిగే అడ్డు ఈనెలు లెక్కపెట్టాలి. ఇక్న్యూమనిడేలో రెండు ఉంటాయి, బ్రాకోనిడేలో ఒకటే. అరుదైన మినహాయింపులు ఉన్నా, పెరటి పనికి ఈ గుర్తు చాలు. గుడ్లు పెట్టే సూది పొడవు చూసి కుటుంబం నిర్ణయించకండి, అది రెండింటిలోనూ పొడవుగానూ ఉంటుంది, పొట్టిగానూ ఉంటుంది.

తర్వాత జాతులుగా విడదీయాలి. పేర్లు తెలియనక్కరలేదు, "ఇక్న్యూ-1, ఇక్న్యూ-2" అని పిలుచుకుని ఒక్కోదానికి ఫొటో, వివరణ పెట్టుకుంటే చాలు. ఇక్కడ రెండు గుంటలున్నాయి. మొదటిది ఆడామగా. ఒకే జాతిలో అవి రంగులో, మీసాల్లో వేరుగా ఉండి రెండు జాతులుగా లెక్కకొస్తాయి. అందుకని ఆడవాటితో ఒక పట్టిక, మగవాటితో ఇంకో పట్టిక వేసి, పోలికకు ఆడవాటినే వాడండి. రెండోది ఇంకా లోతైనది. ఉష్ణమండలంలో చాలా జాతులు ఒకే వేషం వేస్తాయి. నారింజ ఒళ్లు, నల్ల రెక్కలు ఉన్న డజను కందిరీగలు ఒకే జాతి అనుకుంటాం. కోస్టారికాలోని గ్వానాకాస్టేలో గొంగళిపురుగుల నుంచి పెంచి తీసిన బ్రాకోనిడ్‌లను బయటి రూపం చూసి 171 జాతులుగా లెక్కపెట్టారు. డీఎన్ఏ, అవి వెలువడిన గొంగళిపురుగు ఏదన్న సమాచారం కలిపి చూశాక 2008లో ఆ లెక్క 313కు చేరింది. కంటిచూపుతో లెక్కపెడితే నష్టపోయేది ఎక్కువగా మన వైపే. ఇది మనసులో పెట్టుకుని మీ పట్టికలో ఒక్కో "జాతి"నీ రెండోసారి అనుమానంగా చూడండి.

లెక్క

అసలు పని ఇక్కడ ఉంది. ఊహించిన అంకెలతో చూపిస్తాను. ఏడాది చివర ఎడిసన్ గుడారంలో 1,200 కందిరీగలు, 90 జాతులు అనుకుందాం. తెనాలిలో 300 కందిరీగలు, 60 జాతులు. తమ్ముడు గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ వాడు నాలుగింతలు ఎక్కువ కందిరీగలను చూశాడు. ఎక్కువ చూస్తే ఎక్కువ జాతులు దొరకడంలో వింత లేదు. ముందుగా వాడి 1,200లోంచి చీట్లు తీసినట్టు 300 కందిరీగలను తీస్తే సగటున ఎన్ని జాతులు వస్తాయో లెక్కించి, దాన్ని నా 60తో పోల్చాలి. తైవాన్ గణాంక శాస్త్రవేత్త ఆన్ చావో బృందం చేసిన ఐనెక్స్ట్ (iNEXT) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చిటికెలో చేస్తుంది.

తర్వాత ఒక్కసారే దొరికిన జాతులు ఎన్నో, రెండుసార్లు దొరికినవి ఎన్నో చూడండి. ఆన్ చావో 1984లో ఇచ్చిన సూత్రం కాగితం మీదే చేయవచ్చు. ఒకసారి దొరికిన జాతుల సంఖ్యను అదే సంఖ్యతో గుణించి, రెండుసార్లు దొరికిన జాతుల సంఖ్యకు రెట్టింపుతో భాగించండి. వచ్చినదాన్ని చూసిన జాతులకు కలపండి. ఎడిసన్‌లో ఒకసారివి 18, రెండుసార్లవి 18 అయితే 324ను 36తో భాగించగా 9 వస్తుంది, మొత్తం 99. తెనాలిలో ఒకసారివి 24, రెండుసార్లవి 8 అయితే 576ను 16తో భాగించగా 36 వస్తుంది, మొత్తం 96. ముప్పై జాతుల తేడా మూడుకు దిగింది. పైగా ఈ సూత్రం ఇచ్చేది కనీస అంచనా. ఒక్కసారే దొరికినవి ఎక్కువగా ఉన్నచోట అసలు సంఖ్య దీనికంటే చాలా పైన ఉండవచ్చు. ఉష్ణమండలపు వలలు సరిగ్గా అలాంటివే. జాతులు చాలా, ఒక్కోదానిలో ప్రాణులు కొద్ది.

పెరూలోని ఇక్విటోస్ దగ్గర అల్పవాయో-మిషానా అడవిలో జరిగింది ఇదే. ఇలారి సాక్స్‌యార్వి బృందం అమెజాన్ లోతట్టు అడవిలో చాలా గుడారాలు వేసి, చాలాకాలం ఉంచి, ఇక్న్యూమనిడేలోని రెండే ఉపకుటుంబాల నుంచి 88 జాతులు తీసింది. ఉష్ణమండలంలో ఈ కుటుంబం బీదది అన్న మాట ఆ 2004 ఫలితం ముందు నిలవలేదు. కనీసం ఆ ఉపకుటుంబాల వరకు నిలవలేదు. ఈ గుంపునే జీవితమంతా చదివిన డొనాల్డ్ క్విక్, అక్షాంశం గురించి ఏదైనా తేల్చి చెప్పడానికి మనకు తెలిసింది చాలా తక్కువని 2012లో వాదించారు. నా ఓటు ఆయనకే. అయితే ఉత్తరాన నిజంగానే ఎక్కువగా ఉన్న ఉపకుటుంబాలూ ఉన్నాయి, వాటిని మరుగుపరచకూడదు.

ఎందుకు అన్న ప్రశ్నకు

వల ఎన్ని అన్నది చెబుతుంది, ఎందుకు అన్నది చెప్పదు. దానికి పురుగులను పెంచాలి. గొంగళిపురుగులను, ఏ మొక్క మీద దొరికితే ఆ మొక్క ఆకులతో సహా తెచ్చి, డబ్బాకు ఒక్కటే వేసి, గుడ్డ కట్టి, రోజూ తాజా ఆకు పెట్టి శుభ్రం చేయండి. పురుగు చనిపోయి గూడు కనబడితే డబ్బా పారేయకండి, కందిరీగ కొన్నాళ్లకు వస్తుంది. ఏ పురుగు, ఏ మొక్క, గుడ్డులోంచి వచ్చిందా, గొంగళిపురుగులోంచా, ప్యూపాలోంచా, అన్నీ రాయండి. గులాబీ మొగ్గల మీదో చిక్కుడు మీదో ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి కదలకుండా ఉన్న పేనుబంక కనిపిస్తే ఆ కొమ్మనూ ఒక డబ్బాలో పెట్టండి. దాని వీపుకు గుండ్రటి కన్నం పెట్టుకుని బయటికొచ్చేది చిన్న కందిరీగ. అది బ్రాకోనిడ్ అవునో కాదో రెక్క చూసి తేల్చుకోవచ్చు.

ఉష్ణమండలంలో ఇక్న్యూమనిడే ఎందుకు తక్కువ అన్నదానికి ఇచ్చిన పాత వివరణలను ఈ వివరాలతో తూకం వేయవచ్చు. ఒకటి, ఉష్ణమండలంలో గొంగళిపురుగుల జాతులు అనేకం, కానీ ఒక్కోదానివి కొన్నే ఉంటాయి, చెదురుమదురుగా ఉంటాయి. ఒకే జాతిని నమ్ముకున్న కందిరీగకు అవి దొరకవు. రెండోది, అక్కడి పురుగులు విషపు మొక్కలు తిని ఒళ్లు విషం చేసుకుంటాయి. బతికున్న పురుగు లోపల చాలాకాలం పెరిగే కందిరీగకు ఇది ఇబ్బంది, గుడ్డును తినేదానికి అంతగా కాదు. మూడోది, చీమల వంటి వేటగాళ్లు పురుగునూ దాని లోపలి కందిరీగనూ కలిపి తినేస్తాయి. నాలుగోది నాకు అన్నింటికంటే నచ్చింది, ఎందుకంటే సాదాసీదాది: తిండి ఎక్కడ ఉంటే తినేవాళ్లు అక్కడ ఉంటారు. రంపపు ఈగలు, పేనుబంక చలిదేశాల్లో విరివి. వాటిమీద బతికే కందిరీగల ఉపకుటుంబాలూ అక్కడే విరివి. రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే నారింజరంగు ఓఫియోనినే (ఇక్న్యూమనిడేలోని ఒక ఉపకుటుంబం) వంటివి మన వైపు బాగానే ఉన్నాయి. తెల్ల గుడ్డ, దీపం పెట్టి వాటినీ లెక్కలో చేర్చండి, లేకపోతే మన పక్షం మళ్లీ తగ్గుతుంది.

మా ఇద్దరి గిన్నెల లెక్క నెలనెలా నడుస్తోంది. గుడారాలు వచ్చే వసంతం నుంచి వేస్తాం. గుడ్డ కంతల సైజు, గోడ పొడవు మారితే పట్టే కీటకాలూ మారతాయి కాబట్టి రెండూ ఒకే తానులోంచి, ఒకే కొలతకు మా వీధి దర్జీ చేత కుట్టిస్తున్నాను. ఒకటి అమెరికా వెళ్లేవాళ్ల పెట్టెలో వాడికి చేరుతుంది. గ్రీజు డబ్బా మాత్రం అక్కడే కొనుక్కోమన్నాను.